997 కింద గీసిన గీత

బుధవారం, పొద్దున ఏడు గంటలు

చిన్న పంతులమ్మకు,

ముందు విషయం. రేపు ఆ స్కూలువాళ్ల ఎదుట నమూనా పాఠం చెప్పేటప్పుడు 10,18,081 ప్రధాన సంఖ్య అని బోర్డు మీద రాయకు. అది కాదు. ఈ ఉద్యోగం కోసం ఏడాదిగా కాళ్లరిగేలా తిరిగావు, నా వల్ల పోగొట్టుకోకు.

ఏ రసీదు మీద దొరికిందో గానీ, ఆ సంఖ్య పంపి "అమ్మమ్మా, నువ్వు చూశావంటే నేను మళ్లీ చూడక్కర్లేదు" అన్నావు. ఆ మాటకు పొంగిపోయాను. వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలని నీకు నేర్పింది నేనే. నా పాత పుస్తకం వెనక పట్టికలో అవి నూట అరవై ఎనిమిది. రెండు రోజులు కూర్చుని అన్నింటితోనూ భాగించాను. ప్రతిసారీ శేషం మిగిలింది. పట్టిక 997తో అయిపోయింది, నేనూ కింద గీత గీసి, ప్రధాన సంఖ్యేనని నీకు చెప్పేశాను. అయిపోయింది పట్టిక, సంఖ్యలు కావు. దీని వర్గమూలం వెయ్యి దాటుతుంది. ఇవాళ ఎందుకో అనుమానం వచ్చి, తర్వాతి ప్రధాన సంఖ్య 1009తో భాగించాను. శేషం సున్నా. భాగఫలం కూడా 1009. ఒకటి, 1009, తను, అంతే, దానికి మూడే భాజకాలు. ఆ మధ్యదానికి ఒక్క అడుగు ముందు ఆగిపోయాను.

ఇంకొకటి రాయకపోతే ఈ ఉత్తరం సగం అబద్ధం. గీత గీస్తుంటే మీ అమ్మ కూరగాయలు తరుగుతూ, "వెయ్యి దాటి చూడక్కర్లేదామ్మా?" అంది. "పదో తరగతి తర్వాత లెక్కలు వదిలేసినదానివి, నాకు చెప్పొచ్చావా?" అన్నాను. తను లెక్కలు ఎందుకు వదిలేసిందో నాకు తెలుసు. అప్పుడూ నేను ఇలాగే అన్నాను.

నాలుగుసార్లు ఫోన్ చేశాను, కట్టేసి ఉంది. పాఠం అయ్యేదాకా ముట్టుకోనన్నావుగా. ఈ కాగితం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

తప్పు చేసిన
అమ్మమ్మ

ఆదివారం

పొగరుబోతు పంతులమ్మకు,

నా ఉత్తరం నీ హాస్టల్ వాచ్‌మన్ సొరుగులో పడుండి శుక్రవారం గానీ నీకు చేరలేదు. గురువారం నువ్వు ప్రధాన సంఖ్యేనని చెప్పావు, ఎదురుగా ఉన్న ముగ్గురిలో ఒక్కరూ కాదనలేదు, ఉద్యోగం ఖాయం చేశారు. నోరు మెదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నువ్వే నిన్న వెళ్లి తప్పని చెప్పి వచ్చావు. ఆలోచించి చెప్తామన్నారని ఫోన్‌లో అన్నావు. అయినా నువ్వు చేసిందే సరి.

కానీ "భాగించింది నేనే, సరిగా చూసుకోలేదు" అని చెప్పావట! నన్ను వెనకేసుకు రమ్మని ఎవరడిగారు? రేపు మొదటి బస్సుకు వస్తున్నాను. హెడ్మాస్టరు బల్ల మీద నా నోటుపుస్తకం తెరిచి, ఈ చేతిరాత నాదని చెప్తాను. తర్వాత నిన్ను ఉంచుకుంటారో పంపిస్తారో వాళ్లిష్టం.

మీ అమ్మతోనూ చెప్పాను, "మొన్న నువ్వన్నదే నిజం, అప్పట్లో నువ్వు లెక్కలు వదిలేసిన తప్పు కూడా నాదే" అని. తను చాలాసేపు ఒకే గిన్నె తోముతూ ఉండిపోయింది. తర్వాత అటు తిరిగే అంది:

"ఒక్కదానివే ఎలా పోతావు? దారిలో తిట్టుకోవడానికైనా పక్కన మనిషి ఉండొద్దూ?"

రెండు సీట్లు చెప్పించాను.

నీ
అమ్మమ్మ