గొంతులో తగిలిన ఉప్పు

ప్రొద్దుటూరు, రంజాన్ నెల, గురువారం రాత్రి

నాన్న పోయినప్పటి నుంచీ అమ్మ కళ్లు కారుతూనే ఉన్నాయి. ఏడుస్తున్నావా అంటే, "లేదు పాపా, కంటి జబ్బు" అంటుంది. ఈరోజు డాక్టరుకు చూపించాను. రెప్పల చివర సూదిమొనంత రంధ్రాలుంటాయట. కన్నీళ్లు వాటిలోంచి ముక్కులోకి దిగుతాయట. డాక్టరు వాటిలోకి ఉప్పునీళ్లు ఎక్కించి, "గొంతులో ఉప్పగా తగుల్తాందామ్మా?" అని అడిగాడు.

"లేదు సార్" అంది అమ్మ.

దారి మూసుకుపోయింది, ఆపరేషన్ చేయాలన్నాడు.

సాయంత్రం ఖర్జూరంతో రోజా ఉపవాసం విడిచాక అమ్మ మెల్లగా చెప్పింది. "ఉప్పగానే తగిలింది పాపా. ఒప్పుకుంటే రోజా పోతాది గదా! మింగకుండా కొంగులో ఉమ్మేసినా."

కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. రేపే డాక్టరుకు నిజం చెప్పాలి. ఆపరేషన్ తప్పుతుంది.

కానీ దారి తెరిచే ఉందంటే అది కంటి జబ్బు కాదేమో. ఇక ఆ కన్నీళ్లకు అమ్మ ఏమని చెప్పుకుంటుంది?