తాత చూడని వైపు

మామయ్యకు నమస్కారాలు.

అవ్వ శవం పక్కనే కూర్చుని తాత “ఎవురు పోయింది?” అని అడిగినందుకు, “కట్టుకున్నదాన్ని కన్నెత్తి చూడలా, ఈయనా ఒక మనిషేనా!” అన్నారు మీరు. పెద్దకర్మ కాగానే తొండియార్‌పేటలోని మీ ఇంటికి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

తాతది నటన కాదు మామయ్యా. నేను చదువుకునే కాలేజీలో, మెదడు మీద పరిశోధన చేసే ల్యాబులో నిన్న ఆయన్ను పరీక్షించారు. గడియారం గీయమంటే అంకెలన్నీ కుడి సగంలోనే కుక్కాడు. కళ్లు బాగానే ఉన్నాయి. కానీ పక్షవాతం వచ్చినప్పటి నుంచి తనకు ఎడమవైపు అనేది ఒకటుందనే ఆయన మెదడుకు తెలియదట. ఈ స్థితిని తెలుగులో ఏమనాలో వెతికాను, సరిపోయే మాట దొరకలేదు. అవ్వను మనం ఆయనకు ఎడమవైపునే పడుకోబెట్టాం. చూస్తున్నాడు కదా అని అప్పుడు గానీ, ఆ తర్వాత గానీ ఎవరమూ నోటితో చెప్పలేదు.

ఇంటికి రాగానే అవ్వ ఫొటో తెచ్చి ఆయనకు కుడివైపు పెట్టాను. చాలాసేపు చూసి, “దండేసినారే! మావోడికి చెప్పినారా? వాడొచ్చేదాకా ఎత్తబాకండి” అన్నాడు.

శవం లేచేదాకా మెతుకు ముట్టనంటున్నాడు. వెంటనే రండి మామయ్యా.

మీ మేనకోడలు