స్టాండు కింద రాయి

ప్రియమైన అన్నయ్యకి,

ఈ ఉత్తరం పైకి చదివి వినిపించకు, ముఖ్యంగా వదినకి. నేను రోజూ లాడ్జీలో గది తీసుకుని, గడియ పెట్టుకుని పడుకుంటున్నానని ఆవిడ నమ్మకం. నా దగ్గరున్న డబ్బుకి లాడ్జీలైతే నాలుగో రోజే ఇంటిముఖం పట్టేదాన్ని.

బయల్దేరి తొమ్మిది రోజులైంది. నువ్వు కుట్టిచ్చిన మట్టిరంగు గుడారాన్ని వెక్కిరించినందుకు చెంపలేసుకుంటున్నాను. మొన్న నీళ్ళ కోసం వెళ్ళొచ్చేసరికి నా గుడారం నాకే కనిపించలేదు. దర్జీ అన్నయ్య ఉండటం ఇందుకన్నమాట.

నీ యాత్ర కథలోని నాలుగు మజిలీల్లో మొదటిది, ఆ మూతబడిన పెట్రోలు బంకు, నిన్న సాయంత్రం దొరికింది. పదకొండేళ్ళ కిందట నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది. మూడు పంపుల్లో మధ్యదానికి ముఖం లేదు. వెనక గోడకి మెట్లున్నాయి, ఎక్కితే పైన ఏమీ లేదు. నీ పద్ధతులన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. వెలుగు తగ్గాక చేరాను, రోడ్డు దిగకముందే ఇంజను ఆపి బండి తోసుకుంటూ వెళ్ళాను, పొయ్యి వెలిగించలేదు, ముందు చక్రం రోడ్డు వైపు పెట్టాను. స్టాండు మట్టిలో దిగబడకుండా పలకరాయి కోసం వెతకబోతే, సరిగ్గా బండి ఆపాల్సిన చోటే ఒకటి సిద్ధంగా ఉంది. దాని మీద స్టాండు మొన తిరిగి తిరిగి పడిన గుంట కూడా ఉంది. నీదేనేమోనని మురిసిపోయాను.

పక్కనే గడ్డి మనిషి పొడవున నలిగి ఉంది. మనలాంటి బీద యాత్రికుడెవరో నిన్నో మొన్నో పడుకుని వెళ్ళుంటాడు. ప్రెస్సులో కట్టిన పుస్తకాల కట్ట మీద నీలం పెన్సిలుతో టిక్కు పెట్టే అలవాటు నాకు ఎక్కడికెళ్ళినా పోదు కదా, పొద్దున్న బయల్దేరేటప్పుడు ఆ రాయి మీదా ఒక టిక్కు గీశాను.

అన్నట్టు, నీ బండి మీటరు చూస్తే అంత యాత్ర చేసినట్టు లేదే? చేతిలో ఫోను ఉంటే అప్పుడే అడిగేదాన్ని. నువ్వు ఫోను లేకుండా వెళ్ళావని నేనూ ఇంట్లో పడేసి వచ్చాను మరి.

ముందు ఊళ్ళ పోస్టాఫీసుల జాబితా నీ దగ్గరుందిగా. నా పేరున ఉంచమని రాయి.

నీ బుడంకాయ

*

నా బుడంకాయ్,

ఉత్తరం అందింది. మీటరు తీగ దారిలోనే తెగిపోయిందమ్మా, చాలా రోజులు పనిచేయలేదు. బండి నడిపేవాళ్ళందరూ స్టాండు కింద రాయి పెడతారు, అందులో వింతేముంది?

మధ్య పంపుకి నిజంగానే ముఖం లేదా? నువ్వు సరిగ్గా చూశావా? ఈ ఒక్కటీ మళ్ళీ రాయి.

ఇక్కడ అందరూ కులాసా. స్కూలు యూనిఫారాల పని నెత్తిమీదుంది. కాజాలు కుట్టీ కుట్టీ మీ వదిన వేళ్ళు పుండ్లయ్యాయి. నా కుంటికాలు రెండు రోజులుగా సలుపుతోంది.

నీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యా,

అవును, ముఖం లేదు. నీ మజిలీ గురించి నువ్వే నన్ను అడుగుతావేమిటి?

ఇప్పుడు చెప్పేది కోతలు కోస్తున్నాననుకోకు. రెండో మజిలీ, ఇటుకల బట్టీ, మొన్న చేరాను. నువ్వు చెప్పిన ఒరిగిన పొగగొట్టం చూసి దారి పట్టుకున్నాను. పచ్చి ఇటుకలు ఆరబెట్టే పాక పక్కన, బండి ఆపాల్సిన చోట పలకరాయి ఉంది. వంగి మట్టి తుడిచాను. దాని మీద నా నీలం టిక్కు ఉంది.

అలాంటిదే ఇంకో రాయి అని నీకన్నా ముందు నేనే అనుకున్నాను. కానీ నా చేతి గీత నేను పోల్చుకోలేనా? కింద గీత చిన్నగా, పైగీత వంకరగా. ఎనిమిదేళ్ళుగా రోజుకి వందసార్లు గీస్తున్నదే. బంకుకీ బట్టీకీ మధ్య ఐదు రోజుల ప్రయాణం.

పక్కన ఇటుక దుమ్ములో మనిషి వెల్లకిలా పడుకున్న అచ్చు ఉంది. భుజాలు, మడమలు స్పష్టంగా ఉన్నాయి. చుట్టూ ఎక్కడా అడుగుజాడ లేదు. రావడానికీ లేదు, పోవడానికీ లేదు.

అయినా అక్కడే పడుకున్నాను. అలసట అలాంటిది. విచిత్రమేమిటంటే, నా అంతట నేను ఎంచుకున్న చోట్ల చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునేదాన్ని, ఇక్కడ మాత్రం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

బుడంకాయ

*

చెల్లీ,

ఎవడో నీ వెంటపడుతున్నాడు. రాయి మోసుకెళ్ళి నీకంటే ముందు పెడుతున్నాడు, అంతే. ఈ ఉత్తరం అందగానే వెనక్కి తిరిగి వచ్చేయ్.

రాననకు. ఒకవేళ మొండికేసినా ఆ నాలుగో మజిలీకి మాత్రం వెళ్ళొద్దు. అక్కడ పాత వంతెన పడగొట్టి కొత్త రోడ్డు వేశారట, ఎవరో చెప్పారు. ఇసుకా లేదు, ఏమీ లేదు. చూడ్డానికేమీ మిగల్లేదు.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నీకు అబద్ధమాడటం చేతకాదు. టీ కొట్టు దగ్గర ఇద్దరు లారీ డ్రైవర్లని అడిగాను. పాత వంతెన చెక్కుచెదరకుండా ఉందట, కింద వాగు ఎండి ఇసుక మేట వేసి ఉందట. నేను భయపడుతున్నానని నువ్వు నన్ను వెనక్కి లాగుతున్నావు.

నిజమే, భయపడుతున్నాను. మూడో మజిలీ, కలప డిపోలో, దుంగల వరసల మధ్య మళ్ళీ అదే రాయి, అదే టిక్కు. పక్కన రంపపు పొట్టులో మళ్ళీ మనిషి అచ్చు. ఈసారి చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అన్నయ్యా. అప్పుడే లేచి వెళ్ళినట్టు.

వెనక్కి రావాలనే అనుకున్నాను. కానీ నాకు పదహారేళ్ళప్పుడు నువ్వు కుంటుకుంటూ ఇంటికొచ్చి, కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని చెప్పిన కథ గుర్తొచ్చింది. వంతెన కింద ఇసుకలో పడుకుంటే పైన బళ్ళు పోయే చప్పుడు జోలపాటలా ఉంటుందని, బతుకులో అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదని చెప్పావు. ఎన్నిసార్లు చెప్పించుకున్నానో నీకే తెలుసు. ఆ ఒక్క చోటు చూడకుండా తిరిగొస్తే ఇదంతా ఎందుకు?

నాలుగైదు రోజుల్లో అక్కడుంటాను. దగ్గరి ఊరి పోస్టాఫీసుకి రాయి, ముందు ఉత్తరం తీసుకునే వంతెన దగ్గరికి వెళ్తాను. ఒట్టు.

నీ బుడంకాయ

*

చెల్లెమ్మా,

వంతెన కింద పడుకోకు. మిగతాది తర్వాత చదువు. ముందు ఆ మాట విను.

నేను ఏ యాత్రా చేయలేదు. పదకొండేళ్ళ కిందట అందరికీ డప్పు కొట్టి చెప్పి, దండలేయించుకుని బయల్దేరానా, మధ్యాహ్నానికల్లా కంకర మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. అంత ఆర్భాటం చేసి ఒక్కపూటలో ఎలా తిరిగొచ్చేది? సిగ్గుతో ఎవరికీ కబురు పెట్టలేదు. నలభై రోజులు పెద్దాసుపత్రిలో పడి ఉన్నాను. మీటరు తీగ ఏనాడూ తెగలేదు.

పక్కమంచం మీద ఒకాయన ఉండేవాడు. పంచర్లు వేసుకునే మనిషి. నడుము విరిగి, దూరపు ఆసుపత్రుల్లో నయం కాక అక్కడికి తెచ్చి పడేశారు. రోజూ తన ప్రయాణం చెప్పేవాడు. ఆ పద్ధతులన్నీ ఆయనవే, స్టాండు కింద రాయి కూడా. బంకు, బట్టీ, డిపో, వంతెన, అన్నీ ఆయనవి. నేను జ్వరం మాటలనుకున్నాను. అలాంటి చోట్లు లోకంలో ఉన్నాయనే నమ్మలేదు, అందుకే నిన్ను ఆపలేదు. పంపుకి ముఖం లేదని నువ్వు రాసిన రోజే అవన్నీ నిజమని తెలిసింది. అప్పుడైనా నిజం రాయాల్సింది. ఇంకో అబద్ధం రాశాను.

ఆయన వంతెన కింద పడుకున్నప్పుడు అక్కడ వాన లేదు. ఎక్కడో కొండల్లో కురిసిన వాన తెల్లవారుజామున వాగులోకి వచ్చింది. నడుము విరిగింది అక్కడే. ఆఖరి రోజున నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, నాకెవరూ చెప్పలేదు. నువ్వైనా చెప్పు. ఆ వంతెన కింద ఎవర్నీ పడుకోనివ్వకు," అన్నాడు. చెప్తానని మాటిచ్చాను. మర్నాడు చూస్తే మంచం ఖాళీ.

ఇంటికొచ్చాక నువ్వు కళ్ళింతలు చేసుకుని చివరికేమైందని అడిగావు. చచ్చిపోయే కథ నీకు నచ్చదు. నాకు గొప్ప కావాలి. ఆ చోటునే హాయిగా నిద్రపోయిన చోటు చేశాను. ఒక్క మాట చెప్పమంటే దానికి సరిగ్గా వ్యతిరేకం చెప్పాను.

పోస్టాఫీసుకి ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎవరూ ఎత్తడం లేదు. రేపు బస్సెక్కుతున్నాను. ఈ కాలితో ఎప్పటికి చేరతానో. నువ్వు బతికుంటే చాలు, నన్ను జన్మలో క్షమించకపోయినా సరే.

అన్నయ్య

*

అన్నయ్యా,

బతికే ఉన్నాను. నువ్వు బయల్దేరి ఉంటే ఈ ఉత్తరం వదిన విప్పుతుంది. విప్పితే విప్పనీ. వదినా, లాడ్జీల సంగతి వచ్చాక మాట్లాడుకుందాం.

పోస్టాఫీసుకి రెండు రోజులు తాళం. ఒట్టు పెట్టాను గానీ ఎంతసేపని గుమ్మంలో కూర్చోను? సాయంత్రం వంతెన దగ్గరికి వెళ్ళాను. ఇసుక నువ్వు చెప్పినంత మెత్తగానే ఉంది. బండి దించి రాయి కోసం చూశాను. లేదు. మూడుచోట్లా నాకంటే ముందున్న రాయి ఇక్కడ లేదు. స్టాండు వేస్తే దిగబడి బండి నా మీదకే ఒరిగింది. రెండుసార్లు లేపాను. ఏడుపొచ్చింది. తిట్టుకుంటూ బండిని మళ్ళీ గట్టు మీదికి తోశాను.

రాయి అక్కడుంది. గట్టు మీద, కిలోమీటరు రాయి పక్కన, నీలం టిక్కు పైకి ఉండేలా.

రోడ్డుకి అంత దగ్గర పడుకోకూడదని నీ పద్ధతి, అంటే ఆయన పద్ధతి. కానీ ఒంట్లో ఓపిక లేదు. స్టాండు రాయి మీద వేసి అక్కడే గుడారం వేసుకున్నాను. తెల్లవారుజామున చప్పుడు విని లారీల వరస అనుకున్నాను. జిప్పు తీసి చూస్తే వంతెన దూలాల్ని రాసుకుంటూ నీళ్ళు. ఒక్క చినుకు కూడా పడలేదు. ఇసుక ఉన్న చోట ఒక చెట్టు సుడి తిరుగుతోంది.

గుడారం పక్కన గడ్డి మనిషి పొడవున నలిగి ఉంది, నాకూ వాగుకీ మధ్య. చెయ్యి పెట్టాను. వెచ్చగానే ఉంది. ఆ క్షణంలో నాకెందుకో భయం పోయింది.

పోస్టాఫీసు తెరిచాక నీ ఉత్తరం అందింది. మెట్ల మీద కూర్చుని చదివాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో రాయను, వచ్చాక ముఖం మీదే చెప్తాను. ఆ కోపంలో కూడా ఒకటి తోచింది. నువ్వు ఆ కథ చెప్పకపోతే నేను ఆ ప్రెస్సు గుమ్మం దాటి ఉండేదాన్ని కాదు. అలాగని నీ అబద్ధాన్ని నెత్తిన పెట్టుకోలేను, విదిలించుకోనూ లేను. ఇంటికెళ్ళగానే అందరినీ కూర్చోబెట్టి మొత్తం నీ నోటితో నువ్వే చెప్పు. ఆయన ఊరూ పేరూ ఆసుపత్రిలో అడిగి తెలుసుకో. ఆయన వాళ్ళెవరైనా ఉంటే ఇద్దరం కలిసి వెళ్దాం.

తారు పని చేసేవాళ్ళని అడిగి ఒక డబ్బా తారు తీసుకున్నాను. నీళ్ళు తగ్గాక దిగి, వంతెన స్తంభం మీద నా ఎత్తు అక్షరాలతో రాశాను. 'వంతెన కింద పడుకోవద్దు. నీళ్ళు వస్తాయి.' పదకొండేళ్ళు ఆలస్యమైనా ఆయన చెప్పమన్న మాట చెప్పాం. కింద నీలం పెన్సిలుతో ఒక టిక్కు కూడా పెట్టాను.

పైకొచ్చేసరికి బండి ఒరిగిపోయి ఉంది. స్టాండు మట్టిలో సగం దాకా దిగింది. చుట్టుపక్కలంతా వెతికాను. రాయి లేదు.

రేపటి నుంచి నా రాయి నేనే వెతుక్కోవాలి.

నీ బుడంకాయ