వేలం జాబితాలో నలభై ఒకటో వస్తువు

కాట్లెట్ కౌంటీ షెరీఫ్ శ్రీ వేడ్ కూంబ్స్ గారి సముఖమునకు,

బక్‌హార్న్ లోయ కాపురస్థురాలు, కీర్తిశేషులు హోబర్ట్ స్టాంపర్ గారి భార్య, ఎనభై ఒక్క సంవత్సరముల ఓవెటా స్టాంపర్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వచ్చే శనివారం ఉదయం పది గంటలకు కోర్టు ఆవరణలో తమ కార్యాలయం వారు వేలం వేయబోవు వస్తువులలో నలభై ఒకటో నంబరు తుపాకీని జాబితా నుండి తొలగించి, శుక్రవారం సాయంత్రం లోపల దాని హక్కుదారు వెర్నా హెన్స్‌లీకి అప్పగించుట గురించి.

నాకు చదువు రాదు. ఈ అర్జీ లైబ్రరీలో పనిచేసే నెల్డా రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, నా కోపాన్ని ఇస్త్రీ చేయకూడదనీ ముందే మాట తీసుకున్నాను. "సదరు", "తమరు" అనే మాటలు నెల్డావి. తక్కినవన్నీ నావే.

1. గత అక్టోబరు పదకొండో తేదీ సాయంత్రం మన ఫైర్ స్టేషన్ హాల్లో ఏటా జరిగే చిక్కుడు గింజల విందు జరుగుతున్నది. నా మనవరాలు డెలీనా మొక్కజొన్న రొట్టె ముక్కలు కోసి అందరి పళ్ళాల్లోనూ పెడుతున్నది. దానికి పంతొమ్మిదేళ్ళు. ఆ సాయంత్రం ఆరుగురు పోయారు. డెలీనా రెండోది. కాల్చినవాడు చివర్న తననూ కాల్చుకున్నాడు. వాడి పేరు ఈ కాగితం మీద రాయించను. తమ ఫైళ్ళలో ఉన్నది, అక్కడే ఉండనివ్వండి.

2. సదరు తుపాకీ వాడిది కాదు. వాడి తల్లి వెర్నాది. ఆమె భర్త చనిపోతూ ఆమె పేర రాసి పోయినది. ఆ సంగతి జరగడానికి రెండు నెలల ముందు, ఆగస్టులో, వెర్నా ఆ తుపాకీని దుప్పట్లో చుట్టి తమ కార్యాలయం కిటికీ దగ్గరకు తెచ్చింది. "నా కొడుకు వాలకం బాగాలేదు, ఊళ్ళోవాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుంటున్నాడు, దీన్ని మీ దగ్గర పెట్టుకోండి" అని బతిమాలింది. కిటికీలో కూర్చునే రాయ్స్, "నీ పేర సక్రమంగా ఉన్నదాన్ని మేం తీసుకోడానికి చట్టం లేదమ్మా. ఇంటికి పట్టుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసుకో" అన్నాడు. వేసుకుంది. ఆ తాళం వాడు గొడ్డలితో పగలగొట్టాడు.

3. కేసు మూసేశామని తమరు కబురు పంపిన తరువాత, కోర్టు గోడకు వేలం జాబితా అంటించారు. నెల్డా చదివి వినిపించింది. ముప్పై తొమ్మిది, చెట్లు కోసే రంపం. నలభై, పడవ మోటారు. నలభై ఒకటి, అది. దాని పక్కన "మంచి స్థితిలో ఉన్నది" అని రాసి ఉన్నదట. అయ్యా, దాని స్థితి బాగానే ఉన్నది. మా స్థితి ఎవరూ జాబితాలో రాయలేదు.

నేను కిటికీ దగ్గరకు పోయి, దాన్ని కరిగించండి అన్నాను.

"కుదరదు మామ్మగారూ. కౌంటీ చేతికి వచ్చిన తుపాకీని పాడుచేయకూడదని చట్టముంది. అమ్మాల్సిందే" అన్నాడు రాయ్స్.

తీసుకోమని తల్లి ఏడిస్తే తీసుకునే చట్టం లేదు. విరగ్గొట్టమని నేను అడిగితే విరగ్గొట్టకుండా కాపాడే చట్టముంది. ఈ రాష్ట్రంలో నా మనవరాలి కంటే ఆ ఇనపముక్కకు బందోబస్తు ఎక్కువ. ఈ వాక్యాన్ని కొంచెం మెత్తగా చెప్పొచ్చు కదా అంటున్నది నెల్డా. చెప్పను.

4. తుపాకీ చూస్తే మూర్ఛపోయే పట్నపు మనిషిని నేను కానని తమరికి తెలుసు. తొమ్మిదో ఏటనే ఉడతను కొట్టి మా అమ్మకు కూరకు ఇచ్చాను. హోబర్ట్ పోయేదాకా ప్రతి శీతకాలమూ మా ఫ్రీజర్ నిండా జింక మాంసమే. ఆయన తుపాకీ ఈనాటికీ మా వంటింటి తలుపు మీదనే ఉన్నది. కనుక నన్ను ఒక పార్టీ మనిషిగానో ఇంకో పార్టీ మనిషిగానో జమకట్టి పక్కన పడేయవద్దు. మా మరిది ఎల్‌బర్ట్ చర్చి మెట్ల మీద అందరి ముందూ నన్ను అడిగాడు.

"తుపాకీ ఏం చేసింది వదినా? దానంతట అది నడిచొచ్చిందా?"

"రాలేదయ్యా. నడిపించుకొచ్చినవాణ్ణి పాతిపెట్టాం. అది మాత్రం ఎందుకు పైన తిరగాలి?"

"ఈరోజు ఒకటి పోతుంది, రేపు అందరివీ లాక్కుంటారు. నీదీ వదలరు."

"నాది లాక్కోడానికి వస్తే తలుపు దగ్గర నేనే మాట్లాడుకుంటాలే. నా తరఫున నువ్వు భయపడకు. ఆరు శవపేటికలు మోశావు కదా, అప్పుడు రాలేదేం నీకీ భయం?"

ఎల్‌బర్ట్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మంచివాడే. డెలీనా పేటిక మోసినవాళ్ళలో ఒకడు. కానీ అందరూ చెప్పేదే వాడూ చెబుతాడు, ఎందుకంటే అందరూ చెబుతున్నారు గనక.

పోయిన వారం పెట్రోలు బంకు దగ్గర ఒకడు కారాపి, "ఆ ఫైర్ హాలు తుపాకీ వేలానికి వచ్చేది ఇక్కడేనా?" అని నన్నే అడిగాడు. పొరుగు రాష్ట్రం బండి. తుపాకుల దుకాణం ఉన్నదట. పేరుపడ్డ తుపాకీ కాబట్టి దానికి వేరే గిరాకీ ఉన్నదట. తరువాత ఫైర్ హాలు మెట్ల మీద నిలబడి ఫోటో దిగాడు. నవ్వుతూ దిగాడు. సదరు వ్యక్తి శనివారం ముందు వరసలో కూర్చుంటాడు. తమ గుమాస్తా సుత్తి కొట్టి అతని చేతికి ఇస్తాడు.

5. నేను ఏడుస్తుంటే చూడలేక కాబోలు, రాయ్స్ ఒక మాట చెప్పాడు. తుపాకీ సొంతదారు వేరే మనిషైతే, ఆ మనిషి తప్పు లేకపోతే, వేలానికి ముందు వచ్చి అడిగితే తిరిగి ఇచ్చేస్తారట.

"ఇచ్చాక ఆవిడ దాన్ని ముక్కలు చేస్తే?"

"ఆవిడ సొత్తు మామ్మగారూ. ఆవిడ ఇష్టం."

అంటే ఈ కౌంటీ మొత్తంలో నా కోరిక తీర్చగలిగిన మనిషి ఒక్క వెర్నాయే. పదకొండు నెలలుగా నేను మొహం చూడని మనిషి. చావు ఇంటికి వండి తీసుకుపోవడం మన ఆచారం, తమరికి చెప్పనక్కరలేదు. మట్టి చేసిన మర్నాడు వెర్నా కూడా ఒక గిన్నె తెచ్చి మా అరుగు మీద పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయింది. గిన్నె అడుగున టేపు మీద పేరు ఉన్నదట, మా కోడలు చదివింది. తిండి కుక్కలకు వేశాను. గిన్నె మాత్రం ఉంచుకున్నాను. తిరిగి ఇస్తే మాట్లాడాలి, అందుకని.

పోయిన సోమవారం దాన్ని కడిగి తీసుకుపోయాను. వెర్నా తలుపు తీసి నన్ను చూసి గోడ పట్టుకుంది.

"కొట్టడానికి వచ్చావా పిన్నీ? కొట్టు. అడ్డం రాను."

"నీ కొడుకు తుపాకీ కోసం వచ్చాను."

"అది నాది. వాడిదని అనకు, ఊరివాళ్ళంతా అట్లాగే అంటారు. నాది. నేనే బీరువాలో పెట్టాను."

"నీదేగా. అయితే నాతో రా."

అదే మేం మాట్లాడుకున్నది. లోపలికి రమ్మంది. పోలేదు. ఇంకా అంత దూరం నేను రాలేదు అయ్యా, అబద్ధం చెప్పను. అరుగు మీదే కూర్చున్నాను. కాఫీ తెచ్చింది, తాగాను.

6. మర్నాడు ఇద్దరమూ తమ కార్యాలయానికి వచ్చి దరఖాస్తు నింపాము. తిరిగి తీసుకొనుటకు కారణం అని ఒక గడి ఉన్నది. దాని కింద వేట, ఆత్మరక్షణ, సేకరణ, అమ్మకం అని నాలుగున్నాయి. ఏదో ఒకదానికి గుర్తు పెట్టాలి. వెర్నా నాలుగూ కొట్టేసి, "కోసేయడానికి" అని రాసింది. రాయ్స్ దరఖాస్తు వెనక్కి నెట్టాడు. అటువంటి కారణం ఫారంలో లేదట.

"వేట అని పెట్టవే, పని అయిపోతుంది" అని నేనే చెవిలో చెప్పాను.

"ఆనాడు ఈ కిటికీకి వచ్చేదాకా, వాడు బాగానే ఉన్నాడని ఏడాది పొడుగునా అందరికీ అబద్ధం చెప్పాను పిన్నీ. ఆ తుపాకీ మీద ఇంకో అబద్ధం రాయలేను" అంది వెర్నా.

ఉడత కోసమంటే ఇస్తారు. మనిషి కోసమంటే కూడా, రక్షణ అని పేరు పెడితే, ఇస్తారు. ఇంకెవరి మీదా పేలకూడదంటే మాత్రం గడి లేదు. ఆ ఫారం ఎవరు రాశారో వారిని నా ముందుకు తీసుకురండి, నాకు చదువు రాకపోయినా వాళ్ళకు పాఠం చెప్తాను.

కనుక తమరు దయచేసి సదరు ఫారంలో అయిదో గడి ఒకటి గీయించి, లేదా తమ చేత్తో ఒక వాక్యం రాసి, వెర్నా దరఖాస్తును అంగీకరించవలెను. ఆటో గ్యారేజీ బక్ మిల్లర్ గ్యాసు కట్టరుతో సిద్ధంగా ఉన్నాడు. చట్టం మార్చమని నేను తమరిని అడగడం లేదు. అది తమ చేతిలో లేదు, దాని సంగతి రాజధానికి పోయి అక్కడ చూసుకుంటాను. తమ చేతిలో ఉన్నది ఒక కలం.

చిత్తగించవలెను. చిత్తగించని పక్షమున శనివారం తొమ్మిదింటికే వచ్చి, ముందు వరస కుర్చీలో నేను, పక్క కుర్చీలో వెర్నా కూర్చుంటాము. పాట పాడేవాడు ఎవడైనా మా ఇద్దరి మొహాలూ చూసి పాడాలి.

శుక్రవారం సాయంత్రం దాకా తమ విధేయురాలు,

ఓవెటా స్టాంపర్ (ఆమె గుర్తు) ×

సాక్షులు: నెల్డా ప్రూయిట్, వెర్నా హెన్స్‌లీ

తా.క. నెల్డా కలం మూసేసింది, మళ్ళీ తెరిపించాను. వేడూ, ఇది షెరీఫ్‌కి కాదు, నీకు. విందు మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డావు. నోరు తెరిచావు, మాట రాలేదు. "డెలీనాయేనా?" అని నేనే అడిగాను. నువ్వు తల ఊపావు. చెప్పాల్సిన మాట నీ బదులు నేనే అన్నాను, నిన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా ఇచ్చాను. ఈసారి నీ బదులు ఎవరూ అనరు. తల ఊపితే చాలదురా. సంతకం పెట్టు.