ఏ. పళ్లిపట్టి కూడలిలో మా చెల్లెలి డాక్టరు బోర్డు

ధర్మపురి జిల్లా, తమిళనాడు,
మే నెల, సోమవారం.

శ్రీయుత సబ్ కలెక్టర్ గారి సముఖమునకు, ఏ. పళ్లిపట్టి దగ్గర కాపురముండే సుబ్బరాయన్ పెద్ద కూతురు ఇళవరసి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: అనుమతి లేని ఫ్లెక్స్ బోర్డు ఒకదానిని పరీక్షా ఫలితాలు రాకముందే తొలగించమని కోరుట గురించి.

1. ఏ. పళ్లిపట్టిలో బస్సులు నిలిచే కూడలిలో, టీ అంగడి పక్కన, ఇంటి కప్పంత ఎత్తున ఒక ఫ్లెక్స్ బోర్డు ఉన్నది. అందులో తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపుతో నవ్వుతున్నది నా చెల్లెలు కవిప్రియ. కోటును, స్టెతస్కోపును అచ్చువేసినవాళ్లు కంప్యూటర్లో తగిలించారు. నవ్వు మాత్రం ఆమెదే, పదో తరగతి నాటిది. కింద "మా ఊరి మొదటి డాక్టరు" అని తమిళంలో ఉన్నది. ఆమె డాక్టరు కాదు. నిరుడు నీట్ పరీక్ష తప్పింది. ఈ ఏడు మళ్లీ రాసింది.

2. సదరు బోర్డును పెట్టినది మా నాయన. ఆమె రెండోసారి కోచింగులో చేరిన రోజే పెట్టారు. ఆయన సెంట్రింగ్ పని చేస్తారు కనుక కొయ్యలు, కట్టుకంబి సొంతంగా తెచ్చి బిగించారు. "ఇంత ముందే ఎందుకు నాయినా?" అని అడిగాను. "ఊరంతా చూస్తా ఉంటే చదవక ఏం చేస్తాది పాప?" అన్నారు. కోపంగా అనలేదు. సంతోషంగా అన్నారు. కావున ఆయనపై ఎట్టి చర్యా తీసుకోవద్దని మనవి.

3. బోర్డు వల్ల ప్రజలు కూడా తప్పుదారి పట్టుచున్నారు. మా వీధి మారమ్మ అవ్వ చెల్లెలిని బస్సు దగ్గర పట్టుకుని, "ఏం డాక్టరమ్మా, నా మోకాలు చూడకుండానే పోతావా?" అన్నది.

"ఇంకా రిజల్టే రాలేదవ్వా."

"రాకుండానేనా మీ నాయన అంత బోర్డు పెట్టినాడు? మాత్ర పేరు చెప్పేదానికే ఇంత గీర అయితే, రేపు సూది వేసేదానికి ఏమడుగుతావో!"

అందరూ నవ్వారు. అప్పటినుంచి చెల్లెలు కర్రపెండలం తోటల్లోంచి నడిచి, ముందరి స్టాపులో బస్సు ఎక్కుతున్నది.

4. పరీక్ష జవాబులు సరిచూసుకుని ఆమె నాకొక్కదానికే చెప్పింది: "అక్కా, ఈసారీ రాదు. బోర్డులో ఉండే ఆయమ్మ పాసయిపోయింది. నేనే కాలేదు. రిజల్ట్ వచ్చే దినం ఆ దోవలో ఇంటికి రాలేను."

"మరి ఏ దోవలో వస్తావు?" అని అడిగాను.

లైటు ఆర్పి, గోడవైపు తిరిగి పడుకున్నది. అయ్యా, ఈ అర్జీ అందుకోసమే. మిగిలిన అంశాలు తమరు చదవకపోయినా పరవాలేదు.

5. మా ఇంట్లో మొదట బడికి పోయినది నేను. డిగ్రీ పాసై, ధర్మపురిలో బట్టల అంగడిలో బిల్లులు వేస్తున్నాను. నేను కాలేకపోయినదంతా చెల్లెలి మీద పడింది. నాకు ఎవరూ బోర్డు పెట్టలేదు. దీనిని అసూయగా తలచవద్దని ప్రార్థన.

6. తమిళంలో రాస్తే ఆఫీసులో అందరూ చదివి, ఈ సంగతి నాకంటే ముందు మా ఇల్లు చేరుతుంది. తమరు మొన్న మా ఊరికి వచ్చినప్పుడు తెలుగులో మాట్లాడటం విన్నాను. మేమందరం మాట్లాడేది తెలుగే అయినా, స్నేహితురాలి దగ్గర దాన్ని చదవడం, రాయడం నేర్చుకున్నది నేనొక్కదాన్నే.

కావున తమరు దయతలచి, ఊరిలోని బోర్డులన్నిటితో పాటు తీసినట్లుగా, ఎవరు అడిగారో తెలియకుండా, దానిని తీయించవలెనని, నా మనవిని చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
సు. ఇళవరసి

మరొక మనవి: సంతకం పెట్టిన తరువాత, మధ్యాహ్నపు గాలివానకు బోర్డు తనంతట తానే పడిపోయింది. కూడలికి పరుగెత్తాను. అప్పటికే టీ అంగడి కన్నప్పన్, బస్సు దిగినవాళ్లు కలిసి దాన్ని లేపుతున్నారు. మారమ్మ అవ్వ తన కొంగుతో బోర్డులోని ముఖానికి అంటిన బురద తుడుస్తున్నది. నాయన నిచ్చెన మీద ఉన్నారు. కింద నిలబడి కట్టుకంబి అందిస్తున్నది కవిప్రియ.

"సరిగ్గా ఉందా చూడు పాపా," అన్నారు నాయన.

ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది.

"ఎడమ పక్క దిగింది నాయినా. ఇంకొంచెం ఎత్తు."