కుక్కకు కప్పిన బొంత

సోనారి,
జంషెడ్‌పూర్.

పెద్దక్కకి,

తమ్ముడు సూరిబాబు దండాలు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ చలి ఎక్కువే, అయినా రెండు పూటలా వేడన్నం తింటున్నాను. బెంగ పెట్టుకోకు.

నువ్వు కుట్టి పంపిన బొంత కప్పుకుంటున్నావా అని మొన్న ఫోనులో అడిగావు. ఊఁ అన్నాను. అబద్ధం. అది నా దగ్గర లేదు. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

నేను సామాను ఎక్కించే చిన్న విమానం ఒక ముసలాయనది. భార్య పోయాక ఆయనకు తోడు ఒక కుక్క. ఎక్కడికెళ్ళినా వెంటే. ఇలాంటి విమానం బాగా పైకెళ్తే లోపల గాలి పలచబడుతుంది. మనుషులు ముక్కుకు గొట్టం పెట్టుకుంటారు. కుక్కకు అది లేదు కాబట్టి దాని నాలుక చూస్తూ ఉండాలి, నీలం తిరిగితే వెంటనే కిందికి దిగాలి. పైలట్ చెప్పగా ఇదంతా విన్నవాడినే. కానీ ఆ రోజు నాకు చలి ఒక్కటే తోచింది. పైన ఇంకా చలి కదా అని కుక్కను పెట్టే బోను చుట్టూ బొంత కప్పి అంచులు దోపాను. సామాను లెక్క రాసే నా పుస్తకంలో కుక్క బరువు రాసుకున్నాను. బొంత సంగతి రాయలేదు.

మబ్బు దాటడానికి పైకి వెళ్ళారట. ఆయన పిలిస్తే కుక్క పలకలేదని గంటలోపే వెనక్కి వచ్చేశారు. బొంత తీసి చూస్తే ఊపిరి లేదు.

“ముసలిదైపోయింది పాపం” అన్నారాయన హిందీలో.

నాతో పనిచేసే పలాస అప్పన్న నన్ను పక్కకు లాగాడు.

“ఊరుకో మావా. ముసిల్దని ఆయనే అంతన్నాడు కదా, మద్దిన నీకేటి? సెప్తే రేపట్నించి గేటు బయటే.”

“బొంత నాది కదరా.”

“దాని మీద నీ పేరుందేటి?”

సాయంత్రం ఆయన ఇంటి వెనక గొయ్యి తవ్వమన్నారు. నడుము లోతు తవ్వేదాకా నోరు రాలేదు. గోతిలో నిలబడే చెప్పాను.

“నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాను. బొంతే కనిపించింది. వెచ్చగా పడుకుందనుకున్నాను. చెయ్యి చాచితే అందేదే” అన్నారాయన. తర్వాత, బొంత ఎవరు కుట్టారని అడిగారు. మా అక్క అన్నాను. తీసుకెళ్ళిపో అన్నారు. నేను తీసుకోలేదు. కుక్కను దానితోనే పూడ్చాం.

అందులో అమ్మ చీర ముక్కలు ఉన్నాయని నాకు తెలుసు.

ఉద్యోగం ఉంది. ఆయన పొమ్మనలేదు, నాతో మాట్లాడటమూ లేదు.

బావకు దండాలు, పిల్లలకు దీవెనలు. నన్ను తిట్టాలనిపిస్తే ఫోనులో వద్దక్కా, రాసి పంపు. రెండుసార్లు చదువుకుంటాను.

నీ ఆశీస్సు కోరే తమ్ముడు,
సూరిబాబు