ఇంట్లోవాళ్లు నిడమనూరులో ఉన్నారు

సూర్యాపేట,
1949 నవంబరు, ఆదివారం.

అత్తమ్మగారికి రాజారత్నం వందనాలు. ప్రభువు దయ వల్ల ఇక్కడ నేను ఒంట్లో బాగానే ఉన్నాను. అక్కడ మీరూ, మీ కోళ్లూ, పక్కింటి చంద్రమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను. దగ్గు తగ్గింది. చింతకాయ తొక్కు చేరింది. జాడీ మూత పగిలింది కానీ తొక్కుకు ఏమీ కాలేదు. రెండు పూటలా తింటున్నాను. ఉద్యోగం బాగానే ఉంది. మొన్నటిదాకా ఉర్దూలో చెప్పిన పాఠాలు ఇప్పుడు తెలుగులో చెప్పాలి. పిల్లలకు సులువైంది, పంతుళ్లకే కష్టమొచ్చింది. త్రిపురారంలో ఒకాయన ఎక్కాలు ఉర్దూలో చెప్పించి, అర్థం తెలుగులో అడుగుతున్నాడు. రెండూ వస్తే మంచిదే కదా అని ఊరుకున్నాను.

ఇక మీ పెద్ద ప్రశ్న. మిర్యాలగూడ మనకు దగ్గర ఉండగా సూర్యాపేటలో ఎందుకు దిగావు, దిగినా మన మిషన్ కాంపౌండు వదిలి సాలెవాడలో ఎందుకున్నావు అని అడిగారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడుచోట్ల బడులనూ నేనే తనిఖీ చెయ్యాలి. ఎక్కడ ఉండాలో నా ఇష్టానికి వదిలారు. మూడూ చూశాను.

ముందు చూసింది మిర్యాలగూడే. ధాన్యం వ్యాపారి రాజమౌళిగారు దుకాణం వెనక గది చూపించారు. గోనె సంచుల వాసన, ఎలుకల చప్పుడు. నాకు అభ్యంతరం లేదు, ఆయనకే ఉంది. ఈ రోజుల్లో మూటతో ఒంటరిగా దిగిన మగవాణ్ని పోలీసులు కమ్యూనిస్టు దళం మనిషి అంటున్నారు, దళంవాళ్లు పోలీసుల మనిషి అంటున్నారు. ఆయనకు ఇద్దరన్నా భయమే. చాయ్ ఇప్పించి, "సారూ, మీరు మంచోళ్లే. గని ఒంటి మనిషి మంచితనం ఎవరు జూస్తరు?" అన్నారు. చాయ్ తాగి వచ్చేశాను.

కోదాడలో బస్సులు ఆగేచోట మేడ మీద గది దొరికింది. కింద హోటలు. దాని యజమాని శ్రీపతి జగ్గయ్యపేట వైపు మనిషి. గది తనదే అయినా వద్దని అతనే చెప్పాడు. బస్సు తప్పినవాళ్లంతా తన మేడ మీదే పేకాట ఆడతారనీ, చదువుకున్నవాడు సంసారులుండే వాడ చూసుకోవాలనీ, ఇడ్లీకి మాత్రం తన దగ్గరికే రావాలనీ అన్నాడు. బేరం పోగొట్టుకుంటూ సలహా ఇచ్చిన వ్యాపారిని చూడడం అదే మొదలు. అయినా కొన్నాళ్లున్నాను. నిద్ర నిజంగానే పట్టలేదు. ఇడ్లీ బాగుంది.

సూర్యాపేట నుంచి ఎటు పోవాలన్నా బస్సు దొరుకుతుంది. అందుకే ఈ ఊరు. వాడ కోసం ఒక రోజంతా తిరిగాను. ఒంటరివాడు గది చూడకూడదు, ముందు వీధి చూడాలి. పొద్దువాలే వేళ ఆడవాళ్లు గడపల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారంటే అక్కడ భయం తక్కువ. తలుపులు మూసుకున్న వీధి ఎంత శుభ్రంగా ఉన్నా వద్దు. బజారు వెనక వీధులన్నీ వెలుతురుండగానే మూసుకున్నాయి. సాలెవాడలో తలుపులన్నీ తీసి ఉన్నాయి. ఇంటింటా మగ్గం చప్పుడు. రెండోసారి అదే వీధిలో నడుస్తుంటే ఒక పెద్దామె, "ఎవరికోసం దిరుగుతున్నవ్ బిడ్డా?" అని ఆపింది. ఆమె పేరు ఆండాళు. భర్త చంద్రమౌళి చీరలు నేస్తాడు. కూతురు అత్తవారింటికి వెళ్లాక వాళ్ల ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది.

కిరస్తానీనని ముందే చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, బావి నీళ్లు తానే తోడి పోస్తానంది. ఎందుకో మీకు తెలుసు, నాకూ తెలుసు. సరేనన్నాను.

"ఏ దేవుడైతేంది గని, ఒంటి మనిషికైతె ఇయ్య. వాడకట్టుల ఆడపిల్లలున్నరు" అంది. "నీ ఇంట్లోళ్లు యాడున్నరు?"

"నిడమనూరులో ఉన్నారు" అన్నాను.

గది ఇచ్చింది.

మిషన్ కాంపౌండులో ఖాళీ ఉందని అక్కడ ఉండే మత్తయ్యగారు కబురు పంపిన మాట నిజం. అది ఇక్కడి బడికి దూరమని ఆయనతో అన్నాను. పోయిన ఉత్తరంలో మీకూ అదే రాశాను. కాంపౌండు బడికి దగ్గరే, అత్తమ్మా.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. కలం పక్కన పెట్టి మళ్లీ తీశాను.

కాంపౌండులో మీ సుగుణను ఎరగనివాళ్లు లేరు. ఆమె పాఠాలు చెప్పడం నేర్చుకున్నది అక్కడే. నేను గేటు దాటగానే మత్తయ్యగారి భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆమె వదిలాక ఇంకొకరు పట్టుకున్నారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ రోజూ ఆ ముఖాల మధ్య నిద్ర లేవాలంటే భయమేసింది. సుగుణ పోయిన సంగతి ఎవరికీ తెలియని వాడ వెతుక్కున్నాను. తలుపులు తీసి ఉన్న వీధి అన్నది అబద్ధం కాదు. కానీ అది రెండో కారణం.

ఇప్పుడు ఆండాళమ్మ అడిగిన మాట. ఇంట్లోళ్లు యాడున్నరంటే నాకు మీరే తట్టారు. నాకు ఇల్లంటూ ఉంటే అది మీ దగ్గరే. అందుకే నిడమనూరు అన్నాను. ఆమె వెంటనే, "ఎప్పుడొస్తది?" అంది. వస్తరు అనలేదు, వస్తది అంది. కాలేజీలో చదివిన వ్యాకరణం ఆ ఒక్క క్షణం పనికొచ్చింది. ఒకరి భార్యను మనవైపు పేరు పెట్టి అడగరు, ఇంట్లోళ్లు అని గుంపులో కలిపి అడుగుతారు. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. నన్ను ఎవరూ అలా అడగక ఏడాది దాటింది, అంతే.

సరిదిద్దడానికి ఒక్క మాట చాలు. నేను, "కాస్త కుదురుకున్నాక వస్తుంది" అన్నాను.

అప్పటి నుంచి ఆ ఇంట్లో సుగుణ రాక కోసం పనులు మొదలయ్యాయి. ఆండాళమ్మ గది గోడలకు సున్నం వేయించింది. ఆడమనిషి వంగితే కళ్లలో పొగ పడకూడదని పొయ్యి జరిపించింది. వీధిలో ఆడవాళ్లకు నా భార్య టీచరమ్మ అని చెప్పింది. కూర పంపినప్పుడల్లా ఆమె ఏం తింటుందో అడిగేది. ఉప్పు తక్కువ తింటుందని చెప్పాను. ఒకరోజు చంద్రమౌళి ఏ రంగు ఇష్టమని అడిగితే ఆకుపచ్చ అన్నాను. నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుందని, అడగకపోయినా చెప్పాను. పెట్టుకునేది అనలేదు, పెట్టుకుంటుంది అన్నాను.

ఆమె పోయాక నేను ఆమె గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. మీతోనూ మాట్లాడలేదు. మీరు మొదలుపెడితే లేచి బయటికి పోయేవాణ్ని. మీకది ఎంత కష్టమో తెలిసే పోయేవాణ్ని. ఇక్కడ, ఏమీ తెలియనివాళ్ల దగ్గర, నోరు తెరుచుకుంది. హాయిగా నిద్రపోయాను. అబద్ధం మీద నిద్ర పట్టిందని మీకు రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ పట్టింది.

దీపావళి వెళ్లాక చంద్రమౌళి మగ్గం మీద ఆకుపచ్చ చీరకు పడుగు ఎక్కించాడు. కాపురానికి వచ్చే పిల్లకు పెట్టాలని భార్యాభర్తలు ముందే అనుకున్నారట. ఇంకా ఊరుకుంటే అది మాట దాచడం కాదు, దొంగతనం. చెబితే గది పోతుంది, మళ్లీ మూట కట్టుకుని ఊరూరా తలుపులు తట్టాలి. ఆండాళమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నా భార్య రాదు, లేదు, అని చెప్పాను. లోపల మగ్గం ఆగింది.

"ఎన్నడు?" అంది.

"పోయినేడు వానాకాలంలో. జ్వరం."

ఆమె రాట్నం మీది చెయ్యి తియ్యలేదు. "ఉప్పు తక్కువ తింటదంటివి" అంది మెల్లగా.

"తినేది."

ఆమె నిండిన కండె తీసి ఇంకోటి తొడిగింది. తరవాత, ముందే చెబితే ఇల్లు ఇవ్వనన్న భయంతోనే దాచావా అని అడిగింది. అవునన్నాను.

"నిజమే. ఇయ్యకపోదును" అంది.

మగ్గం గుంటలో నుంచి చంద్రమౌళి అందుకున్నాడు. "గప్పుడైతె ఇచ్చేది గాదు. ఇప్పుడు ఎల్లగొట్టెటందుకు ఈమెకు మనసొప్పది సారూ. సున్నం పైసలు గూడ ఈమెవే."

"నీ మగ్గం నువ్వు నెయ్యి" అని ఆయన్ని కసిరి, ఆమె నా వైపు తిరిగింది. "మరి నిడమనూర్ల ఎవరున్నరు?"

"ఆమె తల్లి."

"ఒక్కతేనా?"

"ఒక్కరే."

"బిడ్డ పాయె. అల్లుడు ఊర్లు వట్టుకొని తిరగవట్టె. గామె ఎవరి మొగం జూసుకుంట బతుకుతది?" అంది. "పోయి తీస్కరా. నేనడిగింది ఇంట్లోళ్లు యాడున్నరనే గద. నువ్వు అబద్ధం సెప్పలె."

 నా జవాబు కోసం ఆగకుండా మళ్లీ కండె చుట్టుకుంది.

ఎక్కించిన పడుగు విప్పరు. ఆ చీర పూర్తయి సంతకు పోయింది. ఎవరు కొన్నారో అడగలేదు.

అత్తమ్మా, ఇదీ సంగతి. అల్లుడింట్లో అత్త ఉండడమేమిటని మీరంటారు. నిడమనూరి నోళ్లు నాకూ తెలుసు. కూతురుంటే పురుటికనో, పిల్లల కోసమనో వచ్చి ఉండవచ్చు. కూతురు లేని ఇంటికి ఏ పేరు చెప్పుకుని రావాలంటారు. నా దగ్గరా ఆ పేరు లేదు. వచ్చాక ఇద్దరం కలిసి వెతుకుదాం. కోళ్లను చంద్రమ్మగారికి అప్పగించండి. సుగుణ సమాధి దగ్గరికి పోకుండా మీరు ఉండలేరని తెలుసు. నెలకోసారి నేనే తీసుకొస్తాను. మట్టి వేసిన రోజు తరవాత నేను అటు రాలేదు. మీరు పక్కనుంటే రాగలననిపిస్తోంది.

ఇక్కడికి వచ్చాక ఆమె చిన్నప్పటి సంగతులు చెప్పండి. అన్నం తింటున్నప్పుడైనా సరే, మొదలుపెట్టండి. ఈసారి లేచి పోను.

శనివారం పొద్దున బస్సుకు మిర్యాలగూడ వస్తున్నాను. అక్కడ ఎడ్లబండి మాట్లాడుకుని మీ గుమ్మం ముందుకు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. రానని చెప్పాలనుకుంటే ఉత్తరం రాయకండి. ఇక్కడికి వచ్చి చెప్పండి.

ఇట్లు,
మీరింకా అల్లుడనే పిలుస్తున్న
రాజారత్నం